అవతలి ఎండ్‌లో ఎవరు?

క్రికెట్ పిచ్చి ఉన్న ఇంట్లో ఓ ప్రశ్న వేసి చూడండి. విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డి టెస్టుల్లో తొలి సెంచరీ ఎక్కడ కొట్టాడు? మెల్‌బోర్న్‌లో అని అరక్షణంలో జవాబు వచ్చేస్తుంది. ఎన్ని పరుగులంటే, 114 అని ఇంటికి చిన్నవాడు కూడా చెప్పేస్తాడు. సరే, అతను 99 మీద ఉన్నప్పుడు అవతలి ఎండ్‌లో ఎవరున్నారు? ఇక్కడ మాత్రం చాలామంది తల గోక్కుంటారు. జవాబు చివర్లో చూద్దాం.

రికార్డుల పుస్తకంలో పరుగులుంటాయి, వికెట్లుంటాయి, తేదీలుంటాయి. అవతలి ఎండ్‌లో నిలబడ్డవాడి పేరు మాత్రం వెతికితే తప్ప దొరకదు. టెస్టు క్రికెట్‌లో వింతలూ కాకతాళీయాలూ అనుకునేవాటిని కాస్త తరచి చూస్తే, వాటిలో చాలావాటికి ముడి ఆ రెండో ఎండ్‌లోనే ఉంటుంది.

సందుల్లో క్రికెట్ ఆడే పిల్లలకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కంచరపాలెంలో అయినా ఇంకెక్కడైనా అక్కడ బ్యాటు ఒక్కటే ఉంటుంది. పరుగు తీశాక దాన్ని అవతలివాడి చేతిలో పెట్టాలి. మొత్తం ఆటే ఇద్దరిది. చిత్రంగా కంచరపాలెం ఉన్న చోటు కూడా అలాంటిదే. జాతీయ రహదారి మీద ఎన్‌ఏడీ వైపు వెళ్తే నితీశ్ వాళ్ల గాజువాక వస్తుంది. తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా రెండో వైపు వెళ్తే మధురవాడ స్టేడియం వస్తుంది. పిచ్చికి రెండు ఎండ్లలాగా ఈ రెండూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. ముందు స్టేడియం వైపు వెళ్దాం.

మూడు మ్యాచ్‌లు... ముచ్చటైన లెక్కలు

మధురవాడ మైదానం పేరు దేశమంతా తెలిసింది 2005 ఏప్రిల్ 5న. పాకిస్థాన్ మీద వన్డేలో జులపాల జుట్టు ధోని 148 పరుగులు బాదిన రోజది. టెస్టు హోదా కోసం మాత్రం పదకొండేళ్లు ఆగాల్సి వచ్చింది. 2016 నవంబరు 17న ఇంగ్లండ్‌తో ఇక్కడ తొలి టెస్టు మొదలైంది. 2019 అక్టోబరులో దక్షిణాఫ్రికా, 2024 ఫిబ్రవరిలో మళ్లీ ఇంగ్లండ్ వచ్చాయి. ఈ మూడు టెస్టుల్లోనూ టాస్ గెలిచింది మనమే, ముందు బ్యాటింగ్ చేసింది మనమే, గెలిచిందీ మనమే. తేడాలు వరసగా 246, 203, 106 పరుగులు.

తొలి టెస్టు విరాట్ కోహ్లికి యాభయ్యో టెస్టు. అందులో 167, 81 చేశాడు. రెండూ కలిపితే 248. భారత్ గెలిచింది 246 పరుగులతో. అంటే కోహ్లి పరుగుల్ని పక్కన పెట్టి లెక్క వేస్తే ఇంగ్లండే రెండు పరుగులు ముందుంటుంది!

రెండో టెస్టులో రోహిత్ శర్మ టెస్టుల్లో తొలిసారి ఓపెనర్‌గా దిగాడు. 176, 127 కొట్టాడు. కలిపితే 303. భారత్ గెలుపు తేడా 203. సరిగ్గా వంద తక్కువ. ఓపెనర్‌గా ఆడిన తొలి టెస్టులోనే రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ చేసినవాడు అతనికి ముందు ఎవరూ లేరు. ఒకే టెస్టులో 13 సిక్సర్లు బాది, వసీం అక్రం 1996లో జింబాబ్వే మీద కొట్టిన 12 సిక్సర్ల రికార్డును దాటేశాడు. ఇంకో తమాషా ఏమిటంటే, ఇంత బాదుడు బాదినవాడు రెండుసార్లూ ఔటైంది ఒకేలా... బౌలర్ కేశవ్ మహరాజ్, స్టంప్ చేసింది డికాక్. రెండు జట్లూ కలిసి ఆ మ్యాచ్‌లో కొట్టిన 37 సిక్సర్లు కూడా టెస్టుల్లో అప్పటికి రికార్డే.

బౌలర్లూ తక్కువ తినలేదు. అశ్విన్ తన 66వ టెస్టులో 350వ వికెట్ తీసి మురళీధరన్ వేగాన్ని అందుకున్నది ఇక్కడే. జడేజా 44వ టెస్టులో 200 వికెట్లు పూర్తి చేసి, ఎడమచేతి బౌలర్లలో అందరికన్నా త్వరగా అక్కడికి చేరిందీ ఇదే మ్యాచ్‌లో.

ఇక కొత్తవాళ్లకు ఈ పిచ్చి ఇచ్చిన కానుక చూడండి. 2019లో దక్షిణాఫ్రికా స్పిన్నర్ సెనురాన్ ముత్తుసామి ఇక్కడ తొలి టెస్టు ఆడాడు. అతని తొలి వికెట్ కోహ్లి. 2024లో ఇంగ్లండ్ స్పిన్నర్ షోయబ్ బషీర్ ఇక్కడే తొలి టెస్టు ఆడాడు. అతని తొలి వికెట్ రోహిత్ శర్మ. ఇద్దరూ ఆ రోజున భారత కెప్టెన్లే! ఈ బషీర్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ కనిపిస్తాడు.

ఒకరు 209... మిగతావాళ్లలో గరిష్ఠం 34

2024 టెస్టు తొలి ఇన్నింగ్స్‌లో యశస్వి జైస్వాల్ 209 పరుగులు చేశాడు. భారత్ మొత్తం స్కోరు 396. మిగతా పదిమందిలో ఎవరి ఎక్కువ స్కోరు ఎంతో తెలుసా? శుభ్‌మన్ గిల్ చేసిన 34. ఇంకెవరూ అంత దూరం కూడా రాలేదు. అయినా ఒక్కడే నిలబడి 396 చేయలేడు కదా! అవతలి నుంచి ఒకరు 14, ఒకరు 17, ఒకరు 27 అంటూ తలా కాసేపు కాపు కాస్తేనే ఆ 209 సాధ్యమైంది.

ఆ 17 చేసినవాడు విశాఖవాడే. కోన శ్రీకర్ భరత్. రంజీ ట్రోఫీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన తొలి వికెట్ కీపర్. ఊళ్లోవాళ్ల ముందు టెస్టు ఆడే అదృష్టం ఎంతమందికి దక్కుతుంది? భరత్‌కు దక్కింది. కానీ చేసింది 17, 6. తర్వాతి రాజ్‌కోట్ టెస్టుకు అతని స్థానంలో ధ్రువ్ జురెల్ వచ్చాడు. సొంతూరి మైదానం ఒక్కోసారి అలా కూడా చేస్తుంది.

రెండో ఎండ్ విలువ తెలిసిన జోడీ 2016లో వచ్చింది. ఓటమి తప్పించుకోవాలని ఇంగ్లండ్ ఓపెనర్లు కుక్, హమీద్ 50 ఓవర్లకు పైగా ఆడి 75 పరుగులే చేశారు. హమీద్ 144 బంతులాడి 25. అతను వెళ్లిపోయాక కుక్ కూడా నాలుగో రోజు చివరి బంతికి ఎల్‌బీడబ్ల్యూ అయ్యాడు. మర్నాడు ఇంగ్లండ్ 158కే ముగిసింది. జోడీ విడిపోతే గోడ కూలిపోతుందనడానికి అంతకన్నా ఏం కావాలి?

అయిదు రోజులూ క్రీజులోనే

తెలుగువాళ్ల వింత రికార్డుల్లో ముందు చెప్పుకోవాల్సింది సికింద్రాబాద్‌లో పుట్టిన ఎం.ఎల్.జైసింహ గురించి. 1960 జనవరిలో ఆస్ట్రేలియాతో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన టెస్టులో ఆయన అయిదు రోజులూ బ్యాటింగ్ చేశాడు. ప్రపంచంలో అంతకు ముందు ఎవరూ చేయని పని.

అంటే అయిదు రోజుల పాటు ఆపకుండా ఆడాడని కాదు. మొదటి రోజు చివర్లో దిగి, రెండో రోజు 20తో నాటౌట్‌గా మిగిలాడు. మూడో రోజు భారత్ రెండో ఇన్నింగ్స్‌లో మళ్లీ దిగాడు. నాలుగో రోజూ ఆడాడు. అయిదో రోజు 74 దగ్గర ఔటయ్యాడు. ఈ రికార్డు కావాలని ప్రయత్నిస్తే వచ్చేది కాదు. ఏ రోజు ఏ సమయానికి ఎవరు ఔటవుతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. వికెట్ అవతల ఒక అరగంట ముందో వెనకో పడితే లెక్క తప్పిపోయేదే.

ఆ తర్వాత ఈ ఘనత సాధించిన భారతీయుల్లో రవిశాస్త్రి, పుజారా ఉన్నారు. శాస్త్రి 1984-85లో ఇంగ్లండ్ మీద, పుజారా 2017లో శ్రీలంక మీద. మైదానం? ముగ్గురికీ ఈడెన్ గార్డెన్సే!

జైసింహకు పరుగుల్లోనూ ఓ విడ్డూరం ఉంది. కలకత్తాలో 74 చేశాడా? 1968లో ఆస్ట్రేలియాలో ఉన్న జట్టుకు మధ్యలో పిలుపు వస్తే ఉన్నపళంగా విమానమెక్కి వెళ్లి, బ్రిస్బేన్ టెస్టులో దిగి 74, 101 కొట్టాడు. మళ్లీ అదే 74. అంత ఆడినా మనం 39 పరుగులతో ఓడిపోయాం. 1960 డిసెంబరులో పాకిస్థాన్ మీద కాన్పూర్‌లో ఎనిమిది గంటలకు పైగా ఓపిగ్గా ఆడి 99కి చేరాడు. ఇక ఒక్క పరుగు... అక్కడ రనౌట్! రనౌట్ అంటేనే ఇద్దరి మధ్య జరిగే కథ. స్కోరుబోర్డులో పేరు మాత్రం ఒక్కరిదే ఉంటుంది.

మొదట్లో వంద... చివర్లో వంద

శాస్త్రి అయిదు రోజులూ ఆడాడని చెప్పుకున్న ఆ కలకత్తా టెస్టు 1984 డిసెంబరు 31న మొదలైంది. అందులో శాస్త్రి సెంచరీ కొడుతున్నప్పుడు అవతలి ఎండ్‌లో ఓ సన్నపాటి హైదరాబాదీ కుర్రాడున్నాడు. అతనికి అదే తొలి టెస్టు. ఇద్దరూ కలిసి 214 పరుగులు జోడించారు. శాస్త్రి 111, కుర్రాడు 110. ఆ కుర్రాడే మహమ్మద్ అజహరుద్దీన్. తర్వాత మద్రాసులో 105, కాన్పూర్‌లో 122. ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టినవాడు టెస్టు చరిత్రలో అతనొక్కడే.

తొమ్మిది అంకె అజహర్‌ను వదల్లేదు. అత్యధిక స్కోరు 199. ఆడిన టెస్టులు 99. 2000 మార్చిలో బెంగళూరులో దక్షిణాఫ్రికా మీద 102 కొట్టాడు. అదే ఆఖరి టెస్టయింది. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణల మీద ఆ ఏడాది డిసెంబరులో బోర్డు జీవితకాల నిషేధం విధించింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. కానీ అప్పటికే ఆడే వయసు దాటిపోయింది. నూరో టెస్టు నూరో టెస్టుగానే మిగిలిపోయింది.

తొలి టెస్టులోనూ, చివరి టెస్టులోనూ సెంచరీ చేసినవాళ్ల జాబితా చాలా చిన్నది. ఆస్ట్రేలియా నుంచి రెగీ డఫ్, బిల్ పాన్స్‌ఫర్డ్, గ్రెగ్ చాపెల్. తర్వాత అజహర్. అయిదో పేరు ఇంగ్లండ్‌కు చెందిన అలిస్టర్ కుక్. 2006లో నాగపూర్‌లో తొలి టెస్టు ఆడి 60, 104 నాటౌట్. 2018 సెప్టెంబరులో ఓవల్‌లో చివరి టెస్టు ఆడి 71, 147. రెండుసార్లూ ఒక అర్ధసెంచరీ, ఒక సెంచరీ. రెండుసార్లూ ప్రత్యర్థి మనమే.

మరి ఆ 147 దగ్గర కుక్‌ను ఔట్ చేసిందెవరు? బుమ్రా కాదు, షమి కాదు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి! అదే అతని తొలి టెస్టు. పైగా అతను బ్యాట్స్‌మన్. అవతల 125తో ఆడుతున్న జో రూట్‌ను ఒక బంతికి, కుక్‌ను మరుసటి బంతికి పంపేశాడు. ఒకరి ఆఖరి ఇన్నింగ్స్ ముగింపు, మరొకరి టెస్టు జీవితానికి ఆరంభం... రెండూ ఒకే బంతిలో.

లక్ష్మణ్‌కు కోపం వచ్చిన రోజు

ఫాలోఆన్ ఆడి గెలిచిన జట్లు టెస్టు చరిత్రలో చాలా అరుదు. 1894లో సిడ్నీలోనూ, 1981లో లీడ్స్‌లోనూ ఇంగ్లండ్. 2001లో కోల్‌కతాలో భారత్. 2023లో వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్. మొదటి మూడుసార్లూ ఓడింది ఆస్ట్రేలియానే. నాలుగోసారి ఇంగ్లండ్ ఓడింది... ఒకే ఒక్క పరుగుతో!

2001 అనగానే వి.వి.ఎస్.లక్ష్మణ్ 281 గుర్తొస్తుంది. తొలి ఇన్నింగ్స్‌లో లక్ష్మణ్ ఆరో స్థానంలో ఆడి 59 చేశాడు, ద్రవిడ్ మూడో స్థానంలో ఆడాడు. రెండో ఇన్నింగ్స్‌లో ఇద్దరి స్థానాలూ తారుమారు చేశారు. ఆ మార్పే చరిత్రయింది. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్టూ పడలేదు. ద్రవిడ్ 180 చేశాడు. ఆ 180 ఏ జట్టుకైనా జన్మకో ఇన్నింగ్స్. కానీ పక్కన 281 ఉండటంతో రెండో మాటగానే చెప్పుకుంటారు.

తొమ్మిదేళ్ల తర్వాత 2010 అక్టోబరులో మొహాలి. మళ్లీ ఆస్ట్రేలియానే. 216 చేయాల్సిన భారత్ 124కే ఎనిమిది వికెట్లు పోగొట్టుకుంది. నడుం నొప్పితో లక్ష్మణ్ రన్నర్ సాయంతో ఆడుతున్నాడు. అవతల ఇశాంత్ శర్మ నిలబడి 31 చేశాడు. ఇద్దరూ స్కోరును 205కి తెచ్చాక ఇశాంత్ ఔట్. ఇంకా 11 కావాలి. దిగినవాడు ప్రజ్ఞాన్ ఓజా. అతనూ హైదరాబాద్ జట్టువాడే. పరుగుకు పిలిస్తే ఓజా కదల్లేదని, ఎన్నడూ గొంతెత్తని లక్ష్మణ్ మైదానంలో అరిచేశాడు! చివరికి ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. లక్ష్మణ్ 73 నాటౌట్. తిట్లు తిన్నా వికెట్ కాపాడుకున్న ఓజా కూడా నాటౌట్.

ఆ ఓజాకే ఇంకో చిత్రం జరిగింది. 2013 నవంబరులో ముంబయిలో సచిన్ ఆడిన రెండొందలో టెస్టు, చివరి టెస్టు. దేశమంతా సచిన్ చేసిన 74నే చూసింది. (ఔను, మళ్లీ 74!) ఆ మ్యాచ్‌లో పది వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయింది ఓజా. అతనికీ అదే చివరి టెస్టు అయింది.

ఓవల్‌లో ఒంటిచేయి

విశాఖలో తొలి టెస్టు ఆడిన షోయబ్ బషీర్‌ను గుర్తుంచుకోమన్నాం కదా! 2025 జులైలో లార్డ్స్ టెస్టు. తొలి ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ 387, భారత్ కూడా సరిగ్గా 387. రెండో ఇన్నింగ్స్‌లో 193 లక్ష్యంగా భారత్ తడబడింది. ఒక ఎండ్‌లో జడేజా 61తో నిలబడ్డాడు. అవతల చివరి వికెట్‌గా హైదరాబాదీ సిరాజ్. వేలు విరిగినా బంతి అందుకున్న బషీర్ బౌలింగ్‌లో సిరాజ్ బంతిని చక్కగానే అడ్డుకున్నాడు. కానీ అది మెల్లగా వెనక్కి దొర్లి వికెట్లను తాకింది. 22 పరుగులతో ఓటమి. సిరాజ్ అక్కడే కూలబడిపోయాడు.

మూడు వారాల తర్వాత ఓవల్. ఈసారి అవతలి ఎండ్‌లో ఇంగ్లండ్ ఆటగాడు క్రిస్ వోక్స్. భుజం తప్పి ఒక చేయి కట్టుతో స్వెటర్ లోపల దాగి ఉంది. ఒక్క బంతీ ఎదుర్కోకపోయినా ఒంటిచేత్తో పరుగులు తీశాడు. ఇవతల అట్కిన్సన్‌ను సిరాజ్ యార్కర్‌తో బౌల్డ్ చేశాడు. భారత్ గెలుపు 6 పరుగులతో. టెస్టుల్లో పరుగుల లెక్కన మనకు ఇదే అతి తక్కువ తేడా విజయం. లార్డ్స్‌లో చివరి వికెట్‌గా ఏడ్చినవాడే, ఓవల్‌లో చివరి వికెట్ తీసి నవ్వాడు.

ఆ మూడు బంతులు

ఇప్పుడు గాజువాక వైపు వద్దాం. నితీశ్ తండ్రి ముత్యాల రెడ్డి హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగి. ఉదయ్‌పూర్‌కు బదిలీ అయితే, కొడుకు క్రికెట్ పాడవుతుందని ఉద్యోగమే వదిలేశారు. జీతం రాకుండా నెలలు గడపడమంటే ఏమిటో మధ్యతరగతి ఇళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నిర్ణయం తప్పని ఎవరైనా అని ఉంటే, సమాధానం చెప్పడానికి ఆయన దగ్గర అప్పటికి ఏమీ లేదు.

2024 నవంబరులో పెర్త్‌లో నితీశ్ తొలి టెస్టు ఆడాడు. భారత్ 150కే ఆలౌటైన ఇన్నింగ్స్‌లో అందరికన్నా ఎక్కువగా 41 చేశాడు. నెల తిరగ్గానే మెల్‌బోర్న్. డిసెంబరు 28. భారత్ 221కే ఏడు వికెట్లు పోగొట్టుకుంది. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి నితీశ్ 127 పరుగులు జోడించాడు. సుందర్ సరిగ్గా 50 చేసి వెళ్లేసరికి నితీశ్ 97 మీద ఉన్నాడు. 99కి చేరాక ఎదురుగా బుమ్రా సున్నాకే ఔట్. మిగిలింది ఒక్క వికెట్. గ్యాలరీలో తండ్రి దేవుణ్ని మొక్కుకుంటూ నిలబడ్డారు.

అప్పుడు అవతలి ఎండ్‌కు వచ్చినవాడే మొదటి ప్రశ్నకు జవాబు. మహమ్మద్ సిరాజ్! ఎదురుగా బంతితో కమిన్స్. ఓవర్‌లో ఇంకా మూడు బంతులున్నాయి. ఒక్కటి తప్పినా నితీశ్ 99 నాటౌట్. మూడింటినీ సిరాజ్ కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో బోలాండ్ బంతిని నితీశ్ మిడాన్ మీదుగా బౌండరీకి పంపాడు. మోకాలి మీద కూర్చుని, బ్యాట్‌ను నేల మీద నిలబెట్టి, పిడికి హెల్మెట్ తగిలించి ఆకాశం వైపు చూశాడు. గ్యాలరీలో తండ్రి కన్నీళ్లను టీవీలో దేశమంతా చూసింది.

సిరాజ్‌కు ఆ మైదానం కొత్త కాదు. 2020 డిసెంబరులో అతను తొలి టెస్టు ఆడింది అక్కడే. అంతకు నెల రోజుల ముందే హైదరాబాద్‌లో ఆటో నడిపి అతణ్ని పెంచిన తండ్రి కన్నుమూశాడు. కొడుకు టెస్టు ఆడటం చూడాలన్నది ఆయన కోరిక. సిరాజ్ ఇంటికి రాకుండా ఆస్ట్రేలియాలోనే ఉండిపోయి ఆడాడు. నాలుగేళ్ల తర్వాత అదే చోట మరో తండ్రి ముచ్చట తీరడానికి మూడు బంతులు అడ్డుకున్నాడు.

ఆ మూడు బంతులకీ పరుగుల్లేవు. రికార్డుల పుస్తకంలో వాటికి గడి లేదు. ఉదయ్‌పూర్ వెళ్లకుండా వదిలేసిన ఉద్యోగానికీ లేదు. స్కోరుకార్డులో కనిపించేది 'నితీశ్‌కుమార్ రెడ్డి 114' అన్న ఒక్క వరసే. ఈసారి అలాంటి వరస ఏది కనిపించినా, దాని కింది పేరు కూడా ఓసారి చదవండి.